ఆయా నోరు విప్పగలిగిన చోటే అమ్మకు రక్షణ

మా పెద్ద ఖాలా తన చివరి రెండేళ్ళు కోస్తాలోని ఒక పట్టణంలో, వృద్ధుల సంరక్షణ గృహంలో గడిపారు. కొడుకులిద్దరూ గల్ఫ్‌లో ఉన్నారు. కూతురు అత్తవారింట్లో పక్షవాతం వచ్చిన మామగారికి సేవ చేస్తోంది. ఎవరినీ తప్పుపట్టలేని పరిస్థితి. ఆ గృహం చూడటానికి శుభ్రంగానే ఉండేది. తెల్లటి గోడలు, ఉతికిన దుప్పట్లు, వరండాలో క్రోటన్ కుండీలు. నెలనెలా డబ్బు కట్టేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా రిజిస్టరు తెచ్చి చూపేవారు. మందులు ఇచ్చినట్టు, స్నానం చేయించినట్టు, పక్క మార్చినట్టు అన్ని గళ్ళలోనూ టిక్కులుండేవి. మేము తృప్తిగా ఇంటికొచ్చేవాళ్ళం.

ఒక శుక్రవారం నమాజు ముగించుకుని నేనూ నా భార్యా ఆమెను చూడటానికి వెళ్ళాం. ఖాలా మంచంమీద మూలుగుతున్నారు. నా భార్య నన్ను బయటికి పంపి, దుప్పటి తీసి చూసింది. నడుము కింద అరచేయంత పుండు! రిజిస్టరులో మాత్రం రెండేసి గంటలకొకసారి పక్క మార్చినట్టు టిక్కులు వరుసగా ఉన్నాయి. నేను కేకలు వేశాను. మేనేజరు ఆయాను పిలిపించి నా ఎదుటే నానా మాటలూ అన్నాడు. నా కోపం చల్లారింది. న్యాయం జరిగిందనుకున్నాను.

గేటు దగ్గర ఆ ఆయా నాకోసం కాచుకుని ఉంది. "బాబుగారూ, పది రోజుల కిందటే అక్కడ ఎర్రబడింది. నేను చూశాను. చెబుదామనుకున్నాను. పోయిన నెల ఇలాగే చెప్పిన మనిషిని, నువ్వు సరిగా చూడకపోబట్టే వచ్చిందని జీతం కోసి పంపించేశారు. రాత్రిపూట ఇరవై రెండు మందికి నేనొక్కదాన్నే. ఎంతమందిని తిప్పను? టిక్కు పెట్టకపోతే మర్నాడు పనిలోకి రానివ్వరు" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికే వెళ్ళిపోయింది, ఎందుకంటే డ్యూటీ ఇంకా అయిపోలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ పుండుకు బాధ్యులెవరు? చూసి కూడా చెప్పని ఆయానా? చెబితే తీసేసే యాజమాన్యమా? టిక్కులు చూసి తృప్తిపడి, పుండు చూసి కేకలు వేసిన నేనా? ఆ రోజునుంచీ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. దాని గురించి మన కుటుంబాలు కూర్చుని మాట్లాడుకోవలసిన సమయం వచ్చిందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇది పరాయి సమస్య కాదు

"వృద్ధాశ్రమాలు మనవాళ్ళకెందుకు? మన ఇళ్ళలో పెద్దవాళ్ళను మనమే చూసుకుంటాం" అని ఇప్పటికీ చాలామంది గర్వంగా అంటారు. ఆ గర్వం మంచిదే. కానీ మన ఇళ్ళ పరిస్థితి మారింది. పిల్లలు జెద్దాలోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇక్కడున్నవాళ్ళలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళుతున్నారు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో అరవై ఏళ్ళు నిండినవారు సుమారు 14.9 కోట్ల మంది. 2050 నాటికి వారి సంఖ్య 34.7 కోట్లకు చేరుతుందని అంచనా. అంటే అప్పటికి ప్రతి అయిదుగురిలో ఒకరు వృద్ధులే. వారిలో మంచం పట్టినవారినీ, మతిమరుపు వ్యాధి వచ్చినవారినీ కుటుంబం ఒక్కటే మోయలేదు. సంరక్షణ గృహాలో, బ్యూరోల నుంచి ఇంటికి వచ్చే ఆయాలో ఎవరో ఒకరి చేతులు అవసరమవుతాయి. ఆ చేతుల గురించే మనం ఆలోచించడం లేదు.

గృహాన్ని ఎంచుకునేటప్పుడు మనం ఏమేమి అడుగుతాం? గది ఎంత పెద్దది, ఏసీ ఉందా, డాక్టరు ఎప్పుడు వస్తాడు, వంట హలాలేనా, నమాజుకు చోటుందా అని అడుగుతాం. ఇవన్నీ అడగవలసినవే. కానీ డాక్టరు వారానికి ఒకసారి వచ్చి పది నిమిషాలుంటాడు. రాత్రి రెండు గంటలకు అమ్మ గొంతెండి నీళ్ళడిగితే ఇచ్చేది ఆయా. అమ్మ మింగలేకపోతున్నదని మొదట గమనించేది ఆయా. మడమ మీదో నడుము మీదో చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదంటే అది పుండుకు తొలిమెట్టు. అప్పుడే ఆ భాగం మీద బరువు పడకుండా చూస్తే చాలావరకు మానిపోతుంది. పది రోజులు ఆలస్యమైతే ఎముకదాకా పోవచ్చు. ఆ తొలి ఎరుపును చూసే కళ్ళు ఏ సూపర్నెంటువీ కావు, ఒళ్ళు తుడిచే మనిషివి. ఆమె చూసింది చెప్పగలిగితే నాణ్యత ఉన్నట్టు. చెప్పడానికి భయపడితే ఎన్ని రిజిస్టర్లున్నా లేనట్టే.

నర్సుల మాట వినని ఆసుపత్రి

ఇది మన పేద దేశపు జాడ్యమని అనుకోనక్కరలేదు. ఇంగ్లండు దక్షిణ తీరంలో గోస్‌పోర్ట్ అనే ఊళ్ళో వార్ మెమోరియల్ ఆసుపత్రి ఉంది. తుంటి ఎముక విరిగి కోలుకుంటున్నవారు, పుండ్లు మానడానికి చేరినవారు, ఇంట్లో వాళ్ళకు కొద్దిరోజులు విశ్రాంతి ఇవ్వడానికి వచ్చినవారు, ఇలాంటి వృద్ధులే అక్కడి వార్డుల్లో ఉండేవారు. 1991లో ఆ ఆసుపత్రి రాత్రి డ్యూటీ నర్సులు ఒక విషయం గమనించారు. తీవ్రమైన నొప్పి లేనివారికి కూడా మార్ఫిన్ జాతికి చెందిన బలమైన మందును చర్మం కింద అమర్చిన సిరంజి పంపు ద్వారా ఎడతెగకుండా ఎక్కిస్తున్నారు. ఇది సరికాదని వారు పైవాళ్ళకు చెప్పారు, యూనియను ద్వారా కూడా అడిగించారు. సమావేశాలు జరిగాయి. కానీ ఆ సమావేశాల్లో విచారణకు వచ్చింది మందు సంగతి కాదు, నర్సుల ప్రవర్తన. వాళ్ళను గొడవ చేసేవాళ్ళుగా చూశారు. చివరికి వాళ్ళు మౌనం వహించారు.

ఆ ఉత్తర ప్రత్యుత్తరాల ఫైలును ఒక నర్సు ఏళ్ళ తరబడి దాచిపెట్టి 2002లో అధికారుల చేతికిచ్చారు. అప్పటికే చనిపోవలసినవారు చనిపోయారు. మృతుల కుటుంబాలు పట్టువదలకుండా పోరాడితే 2014లో స్వతంత్ర సంఘాన్ని ఏర్పాటు చేశారు. ఆ సంఘం 2018 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1989 నుంచి 2000 వరకు ఆ ఆసుపత్రిలో వైద్యపరమైన అవసరం లేకుండానే అటువంటి మందులు ఎక్కించడం వల్ల 456 మంది ఆయుష్షు తరిగిపోయింది. దస్తావేజులు దొరకనివారిని కూడా కలిపితే మరో 200 మంది ఉండవచ్చని సంఘం అభిప్రాయపడింది. నర్సులు హెచ్చరించిన 1991లోనే దిద్దుకునే అవకాశం ఉండిందనీ, దాన్ని చేజేతులా పోగొట్టుకున్నారనీ తేల్చింది.

సంపన్న దేశం. చదువుకున్న నర్సులు. యూనియను. రాతపూర్వకమైన నిబంధనలు. అన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే: కింద పనిచేసేవారి మాటకు విలువ. ఆ ఒక్కటి లేకపోవడం వల్ల ఎన్ని కుటుంబాలు తమ పెద్దల్ని పోగొట్టుకున్నాయో చూడండి. యూనియను అండ ఉన్న నర్సులకే ఆ గతి పడితే, ఏ ఆధారమూ లేని మన ఆయా నోరు విప్పుతుందని ఎలా ఆశించగలం?

భయం ఏం చేస్తుంది?

భయపెడితే పని సక్రమంగా జరుగుతుందని మన యజమానుల్లో చాలామంది నమ్మకం. నిజమే, భయం వల్ల కొన్ని పనులు జరుగుతాయి. మేనేజరు రౌండుకు వచ్చేసరికి దుప్పట్లు సర్దుతారు. బంధువులు వచ్చేసరికి పెద్దవాళ్ళకు తలదువ్వి కూర్చోబెడతారు. గళ్ళన్నీ నిండుతాయి. కానీ కనిపించని పనులు ఆగిపోతాయి. పెద్దాయన బాత్‌రూమ్‌లో జారిపడితే, మంచం మీద కూర్చుంటూ పడ్డాడని రాస్తారు, లేదా అసలు రాయరు. ఒకరి మందు మరొకరికి వేస్తే పైకి పొక్కనివ్వరు. పొక్కని తప్పు రేపు మళ్ళీ జరుగుతుంది. జారిపడ్డాడని నిజం రాస్తే అక్కడ పట్టుకోవడానికి కమ్మీ పెట్టించవచ్చు. దాచిపెడితే మరో ముసలాయన తుంటి విరుగుతుంది. ఆయాను తిట్టి పంపేస్తే తప్పు పోదు, తప్పును చూసిన మనిషి మాత్రం పోతుంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుందని తెలుసు. "చనువిస్తే నెత్తికెక్కుతారు. వృద్ధుల్ని కొట్టేవాళ్ళు లేరా? గాజులు కాజేసేవాళ్ళు లేరా? వాళ్ళను నమ్మమంటారా?" అని అడుగుతారు. ఉన్నారు. వృద్ధుల మీద చేయి చేసుకున్నవారినీ, దొంగతనం చేసినవారినీ ఒక్క రోజు కూడా ఉంచకూడదు, పోలీసులకు అప్పగించాలి. అందులో దయాదాక్షిణ్యాలకు తావులేదు. కానీ క్రౌర్యం వేరు, పొరపాటు వేరు. ఇరవై రెండు మందిని ఒక్కతే చూస్తూ ఒకరిని తిప్పడం మరిచిపోయిన ఆయానూ, ముసలామెను గిల్లిన ఆయానూ ఒకే గాటన కట్టే యాజమాన్యం చివరికి మంచివాళ్ళను పోగొట్టుకుని, దాచడం బాగా నేర్చినవాళ్ళతో మిగులుతుంది. ఇంకో సంగతి. కొట్టే ఆయాను మొదట చూసేది కూడా పక్కనున్న మరో ఆయాయే. ఆమెకు చెప్పే ధైర్యం లేని చోటే క్రూరులు నిశ్చింతగా ఉంటారు. కాబట్టి సిబ్బందిని నమ్మడం అంటే తనిఖీ మానుకోవడం కాదు. తనిఖీలో పెద్ద భాగం వాళ్ళ చేతుల్లోనే ఉందని గుర్తించడం.

నమ్మితే ఏమవుతుంది?

నమ్మి చూసినవాళ్ళూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో ఇళ్ళకు వెళ్ళి వృద్ధులకు సేవచేసే సంస్థలను 1990లలో కలిపి పెద్ద పెద్ద కంపెనీల్లా మార్చారు. స్నానానికిన్ని నిమిషాలు, కట్టు మార్చడానికిన్ని నిమిషాలని పనిని ముక్కలు చేశారు. ఒక్కో ముక్కకు ఒక్కో మనిషి వచ్చేవారు. ముసలివాళ్ళకు రోజుకో కొత్త ముఖం. నర్సులు విసిగిపోయారు. యోస్ డి బ్లోక్ అనే నర్సు ఈ పద్ధతి కాదని 2006లో నలుగురు నర్సుల చిన్న బృందంతో బ్యూర్ట్‌జోర్గ్ అనే సంస్థ ప్రారంభించారు. ఆ పేరుకు అర్థం ఇరుగుపొరుగు సేవ. ఒక బృందంలో పన్నెండు మందికి మించరు. ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాలి, కొత్తవారిని ఎవరిని చేర్చుకోవాలి అన్నవి బృందమే నిర్ణయించుకుంటుంది. వాళ్ళ మీద మేనేజరు లేడు. చిక్కు వచ్చినప్పుడు సలహా చెప్పే అనుభవజ్ఞులున్నారు కానీ వారికి ఆజ్ఞాపించే అధికారం లేదు.

ఏమైంది? పని ఎగ్గొట్టారా? లేదు. నలుగురితో మొదలైన ఆ సంస్థ దాదాపు పదేళ్ళలోనే వేలాది నర్సుల సంస్థగా ఎదిగింది. తమ దేశంలో ఉత్తమ యజమానిగా పలుమార్లు గుర్తింపు పొందింది. ఆశ్చర్యమేమంటే, ఒక్కో వృద్ధుడికి పట్టే సేవా గంటలు కూడా ఇతర సంస్థలకన్నా తక్కువయ్యాయి. కారణం సులభం. తెలిసిన నర్సు రోజూ వస్తే పెద్దాయన మేజోళ్ళు తనే వేసుకోవడం ఆమె ఓపికగా నేర్పిస్తుంది. పక్కింటివాళ్ళతో మాట్లాడి మధ్యాహ్నం ఒకసారి తొంగిచూడమంటుంది. నిమిషాల లెక్కతో వచ్చే మనిషి మేజోళ్ళు తొడిగేసి పరుగెత్తుతుంది, మర్నాడూ తొడుగుతుంది, ఏడాదంతా తొడుగుతూనే ఉంటుంది.

వాళ్ళ నర్సులు బాగా చదువుకున్నవారు, జీతాలు మెరుగు, ప్రభుత్వ బీమా ఉంది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు గుంటూరుకో వరంగల్లుకో తెచ్చి పెట్టలేం. కానీ అందులోని సారం తెచ్చుకోవడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఒక ఆయాను వీలైనంతవరకు అవే అయిదారుగురు పెద్దలకు కేటాయించాలి. డ్యూటీ మారేటప్పుడు పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ పదిహేను నిమిషాలు కూర్చుని, రాత్రి ఎవరు తినలేదో, ఎవరు నిద్రపోలేదో చెప్పుకోవాలి. ఆ సంభాషణలో నిర్వాహకుడు కుర్చీ వేసుకుని వినాలి, ప్రసంగించకూడదు. ఎర్రబడిందని చెప్పిన ఆయాను "మంచిపని చేశావమ్మా" అని అందరి ముందూ మెచ్చుకోవాలి. ఒక్కసారి అలా జరిగితే చాలు, మర్నాటినుంచి పదిమంది చెబుతారు. రాత్రిపూట ఒక్కరికే అంతమందిని అప్పగించడం మానాలి, దీనికి మాత్రం డబ్బు కావాలి. మనిషిని ఎలా ఎత్తాలో, ఎలా తిప్పాలో, అన్నం గొంతుకు అడ్డం పడకుండా ఎలా తినిపించాలో నేర్పించాలి. అన్నిటికన్నా ముందు, జీతం చెప్పిన తేదీన ఇవ్వాలి. తన జీతం తేదీ తనకే తెలియని మనిషిని మందుల వేళ తప్పకూడదని ఏ నోటితో అడుగుతాం?

చట్టం ఏం చెబుతోంది?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ భృతి కోసం పెద్దవాళ్ళు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. జిల్లాకొకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చని అందులో ఉంది. ప్రైవేటు సంరక్షణ గృహాలూ, ఇళ్ళకు ఆయాలను పంపే సంస్థలూ విధిగా నమోదు చేయించుకోవాలనీ, కనీస ప్రమాణాలు పాటించాలనీ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. ఆ సభ గడువు 2024లో తీరిపోయేనాటికి అది చట్టం కాలేదు. అటువంటి చట్టం రావాలి. అందులో గదుల కొలతలతోపాటు రాత్రి డ్యూటీలో ఎందరు పెద్దలకు ఒక మనిషి ఉండాలో, తప్పు బయటపెట్టిన ఉద్యోగికి రక్షణ ఏమిటో కూడా ఉండాలి. అయితే చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు.

మన వంతు

ఎందుకంటే ఈ వ్యవహారంలో మనమూ యజమానులమే. బ్యూరోకు మనం కట్టే డబ్బులో ఆయా చేతికి ఎంత వెళుతోందో ఎప్పుడైనా అడిగామా? ఇంటికొచ్చిన ఆయాకు విడిగా గ్లాసు పెట్టి, మిగిలిన కూర వేసి, "ఏయ్" అని పిలిచి, మా అమ్మను మాత్రం ప్రేమగా చూడమని చెబితే ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది? ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసే మనిషి ఎప్పుడు నిద్రపోవాలి? పది రూపాయలు కనబడకపోతే మొదటి చూపు ఆమె సంచి మీదకే ఎందుకు పోతుంది?

హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) చిన్నతనంలోనే దైవప్రవక్త (స) సేవలో చేరి పదేళ్ళు ఉన్నారు. ఆ పదేళ్ళలో ప్రవక్త తనను ఒక్కసారి విసుక్కోలేదనీ, చేసిన పనికి ఎందుకు చేశావని గానీ, చేయని పనికి ఎందుకు చేయలేదని గానీ నిలదీయలేదనీ ఆయన పెద్దయ్యాక గుర్తుచేసుకున్నట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ఉపదేశం మనలో వినని వారుండరు. తల్లిదండ్రుల ముందు విసుగు మాట కూడా అనవద్దన్న ఖురాన్ బోధను మనం పిల్లలకు నేర్పుతాం. ఆ తల్లిదండ్రులకు మన బదులు సేవ చేస్తున్న మనిషి మీద రోజంతా విసుక్కుంటే ఆ బోధను ఎంతవరకు పాటించినట్టు?

అందుకని ఇకమీదట మనవాళ్ళను ఎక్కడైనా చేర్చేముందు గోడల రంగు చూసి వచ్చేయకండి. రాత్రి ఎందరికి ఎందరు ఆయాలని అడగండి. ఇక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. నెలకొకరు మారే చోట ఏదో తేడా ఉన్నట్టే. పోయిన నెలలో ఎవరైనా జారిపడ్డారా అని నిర్వాహకుణ్ణి అడగండి. "మా దగ్గర ఎప్పుడూ ఎవరూ పడరు" అంటే అనుమానించండి. "ఇద్దరు పడ్డారు, అందుకే అక్కడ కమ్మీ పెట్టించాం" అంటే అది నమ్మదగిన చోటు. ఆయా పేరు తెలుసుకోండి. ఆమెను అమ్మా అనో, అక్కా అనో పిలవండి. వెళ్ళినప్పుడు ముందు ఆమెనే అడగండి, పెద్దావిడ ఎలా ఉన్నారని. ఆమె చెప్పిన చెడ్డవార్తకు ఆమెనే దండించకండి.

మా ఖాలా ఆ పుండుతో మూడు నెలలు బాధపడ్డారు. ఆ మూడు నెలలూ కట్టు కట్టినదీ, రాత్రిళ్ళు లేచి తిప్పినదీ ఆ ఆయాయే. మేము నిర్వాహకుడితో మాట్లాడి రాత్రికి ఇంకొక మనిషిని పెట్టించాం. అందుకోసం నెలకు కొంత అదనంగా కట్టడానికి అక్కడి ఏడెనిమిది కుటుంబాలు ఒప్పుకున్నాయి. పుండు పూర్తిగా మానకముందే ఖాలా వెళ్ళిపోయారు. చివరి రోజు ఆమె చేయి పట్టుకుని ఉన్నది నేను కాదు. నేను బస్సులో ఉన్నాను. పట్టుకున్న మనిషిని అంతకు మూడు నెలల ముందు నా ఎదుటే తిట్టించినవాణ్ణి నేనే.